రోజూ రాస్తాను, రోజూ టైప్ చేస్తాను: నా స్పీకింగ్ ప్రాక్టీసు డైరీ

1వ రోజు

పోయినసారి ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో నా స్పీకింగ్ బ్యాండు, అంటే మాట్లాడటంలో వచ్చిన మార్కు, 6.5 దగ్గర ఆగిపోయింది. యూకేలో నర్సుగా రిజిస్టర్ కావాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం చదవడం, వినడం, మాట్లాడటం మూడింట్లోనూ 7 రావాలి, రాయడంలో 6.5 చాలు. అంటే నాకు తక్కువైంది అర బ్యాండు. రాయడంలో గట్టెక్కి మాట్లాడటంలో ఆగిపోవడం చాలా బాధనిపించింది, ఎందుకంటే వార్డులో పొద్దున్నుంచి రాత్రిదాకా నేను చేసేది మాట్లాడటమే.

ఈసారి వంద టాపిక్కులు పైపైన చూడదల్చుకోలేదు. ఒక్కటే తీసుకుని దాన్ని బాగా నూరుతాను, అందులో బయటపడే తప్పులే మిగతావాటిలోనూ ఉంటాయి కదా. తీసుకున్న టాపిక్ టైపింగ్, చేతిరాత. మొత్తం స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, అందులో మొదటి భాగం 4, 5 నిమిషాలు, అక్కడ అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి: మీకు చేత్తో రాయడం ఇష్టమా, టైప్ చేయడమా? రోజూ కంప్యూటర్ మీద టైప్ చేస్తారా? కీబోర్డు వాడటం ఎప్పుడు నేర్చుకున్నారు? మా వార్డులో సగం పని కాగితం మీద, సగం పని కంప్యూటర్‌లో నడుస్తుంది కాబట్టి చెప్పడానికి నా దగ్గర విషయం ఉంది, అందుకే ఇది ఎంచుకున్నా.

ఏర్పాటు ఇదీ: మారతహళ్ళిలో మేముండే పీజీ టెర్రస్, వాటర్ ట్యాంకు పక్కన గోడ, ఫోన్‌లో రికార్డర్. ప్రశ్నలు అడిగేది నా రూమ్మేట్ అక్క, వాళ్ళది ప్రొద్దుటూరు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తుంది. నా డ్యూటీ అయ్యి తన మీటింగులు ముగిసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ టైముకి కూడా రింగ్ రోడ్డు మీద హారన్లు ఆగవు, అవి కూడా రికార్డవుతున్నాయి.

మొదటి రికార్డింగులో కోచింగ్‌లో ఇచ్చిన జవాబే అప్పజెప్పాను. డిజిటల్ యుగం, టైపింగ్ వేగం, సౌకర్యం, చేతిరాతలో వ్యక్తిత్వం కనబడుతుంది, అన్నీ ఉన్నాయి అందులో. ఎక్కడా తడబడలేదు. అక్క వెంటనే, మరి నువ్వు టైపింగ్ ఎప్పుడు నేర్చుకున్నావు అని అడిగింది. ఆరు సెకన్లు ఏమీ రాలేదు. ఇది చాలా తేలిక ప్రశ్న, జవాబు నా జీవితంలోనే ఉంది, కానీ నేను వెతుకుతున్నది కోచింగ్ కాగితంలో.

3వ రోజు

ఆ కాగితం పక్కన పెట్టేశాను. తెలుగులోనే ముందు నిజం రాసుకుందామని కూర్చున్నా, నా చేతులు రోజంతా ఏం చేస్తాయో.

పొద్దున డ్యూటీ ఎక్కగానే హ్యాండోవర్, అంటే ముందు షిఫ్టు వాళ్ళు పేషెంట్ల సంగతులు అప్పజెప్పడం, అవి చిన్న పాకెట్ బుక్‌లో బెడ్ నంబర్ల వరసన పెన్నుతో రాసుకుంటాను. డ్రగ్ చార్టు చేత్తోనే, అది కూడా పెద్ద అక్షరాల్లో, కలిపి రాయకుండా. ఇన్సులిన్ రాసేటప్పుడు యూనిట్స్ అనే మాట పూర్తిగా రాస్తాను, ఒట్టి యూ అని పెడితే అది సున్నాలా కనబడి 4 కాస్తా 40 అయ్యే ప్రమాదం ఉంది. 1 మిల్లీగ్రాము అయితే 1 అనే రాయాలి, 1.0 అని రాస్తే మధ్యలో చుక్క సరిగా పడకపోతే 10 అని చదువుతారు. అరకి మాత్రం ముందు సున్నా తప్పనిసరి, 0.5. ఇవి నర్సింగ్‌లో చేరినప్పటి నుంచీ చెవిలో మోగుతున్న మాటలు. ల్యాబ్ రిక్వెస్టులు, డిశ్చార్జి వివరాలు కంప్యూటర్‌లో. ఇంటికి మెసేజీలు ఫోన్‌లో, బొటనవేళ్ళతో.

ఇంకొకటి కూడా చేత్తోనే రాస్తాను, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. బెంగళూరు వచ్చిన కొత్తలో పేషెంట్లతో మాట్లాడటానికి కన్నడ మాటలు తెలుగు లిపిలో రాసుకున్న పుస్తకం. నోవు ఎల్లిదె అంటే నొప్పి ఎక్కడుంది, ఊట ఆయ్తా అంటే భోజనం అయ్యిందా, ఇలా. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే కాబట్టి బస్సు బోర్డులు నెమ్మదిగా వచ్చేశాయి, కానీ మాట నాలుక మీదకి రావడానికి మాత్రం రాసుకోవాల్సి వచ్చింది. ఫోన్‌లో టైప్ చేసిన మాటలు మళ్ళీ తెరిచి చూసిన గుర్తు లేదు, చేత్తో రాసినవి ఏ పేజీలో ఎక్కడున్నాయో కూడా చెప్పగలను.

ఇది రాసి చూసుకున్నాక అనిపించింది, జవాబు అంటే ఇదే కదా.

5వ రోజు

ఈరోజు దొరికినది ఈ డైరీలో ముఖ్యమైన విషయం అనుకుంటున్నా, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

నేను చెప్పిన జవాబులు అక్షరాల్లో చూసుకుందామని ముందు ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి రికార్డింగు వినిపించాను. తెర మీద చక్కటి ఇంగ్లీషు వచ్చింది. నేను ఎలా పలికినా అది సరైన స్పెల్లింగుతోనే పెడుతోంది, మధ్యలో మింగేసిన అక్షరాలు కూడా అదే అతికిస్తోంది. దాన్ని చూస్తే నాకే తప్పూ కనబడలేదు. అప్పుడు నాలుగు గీతల కాపీ పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, రికార్డింగు ఆపి ఆపి వింటూ, విన్నది విన్నట్టు చేత్తో రాశాను. రెండు నిమిషాల మాటలకి నలభై నిమిషాలు పట్టింది, చెయ్యి లాగేసింది.

మూడు పేజీలు అయ్యాక ఎర్ర పెన్నుతో గీతలు కొడుతుంటే ఒకే మాట మళ్ళీ మళ్ళీ తగులుతోంది. విల్. ఐ విల్ టైప్ ఎవ్రీ డే. ఐ విల్ రైట్ ఇన్ ద చార్ట్. మై బ్రదర్ విల్ టైప్ వెరీ ఫాస్ట్. లెక్కపెడితే పదకొండుసార్లు, అందులో ఒక్కటి కూడా రేపటి గురించి కాదు.

ఎందుకిలా అని చాలాసేపు ఆలోచించాను. మనం తెలుగులో "రేపు రాస్తాను" అంటాం, "రోజూ రాస్తాను" అని కూడా అంటాం. రెండు చోట్లా రాస్తానే. జరగబోయేదీ అలవాటుగా జరిగేదీ ఒకే రూపంలో చెప్పేస్తాం, రేపు, రోజూ అనే మాటలే తేడా చూపిస్తాయి. ఇంగ్లీషులో క్రియే మారాలి. రేపటిదైతే ఐ విల్ రైట్, రోజూ చేసేదైతే ఒట్టి ఐ రైట్. నా నోరు రాస్తాను అనే మాటని పట్టుకుని నేరుగా విల్ దగ్గరికి వెళ్ళిపోతోంది. అలవాట్ల గురించి అడిగిన ప్రతి ప్రశ్నలోనూ ఈ గొయ్యి ఉంది, ఈ టాపిక్కులో అయితే ప్రశ్నలన్నీ అలవాట్లే.

పోయినసారి పరీక్షలో ఎన్నిసార్లు అన్నానో నాకు తెలియదు. గ్రామర్‌కి నాలుగో వంతు మార్కులు, మిగతా మూడు వంతులు ధారాళంగా మాట్లాడటం, పదాలు, ఉచ్చారణ. అందులో ఒక వంతు ఇలా పోయి ఉంటే అర బ్యాండు తగ్గడం వింత కాదు.

అక్కకి చూపిస్తే, "నిజమే పాపా, నువ్వు ఎప్పుడూ విల్ విల్ అంటాండావు, నేనూ అట్లే అంటా కాబట్టి నాకు తెలియలేదు" అంది.

6వ రోజు

నైట్ డ్యూటీ. ప్రాక్టీసు లేదు.

8వ రోజు

ఒక చిన్న పట్టిక తయారుచేసి అద్దం పక్కన అంటించాను, ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు.

రాస్తాను, రోజూ: ఐ రైట్.
రాసేదాన్ని, ఇప్పుడు లేదు: ఐ యూజ్డ్ టు రైట్.
పదేళ్ళ నుంచి రాస్తున్నాను: ఐ హావ్ బీన్ రైటింగ్ ఫర్ టెన్ ఇయర్స్.

రెండోది చూసి సంతోషమేసింది. రాసేదాన్ని అనే రూపానికి ఇంగ్లీషులో సరిగ్గా సరిపోయే జత ఉంది. కానీ మన చుట్టూ చాలామంది దాన్ని తిప్పి వాడతారు. అక్క ఆఫీసులో రోజూ టైప్ చేస్తుంది, చెప్పేటప్పుడు మాత్రం ఐ యూజ్డ్ టు టైప్ డైలీ అంటుంది, రోజూ చేయడం అలవాటు అనే ఉద్దేశంతో. విన్న ఎగ్జామినర్‌కి అర్థమయ్యేది ఒకప్పుడు చేసేది, ఇప్పుడు మానేసింది అని. ఐ యామ్ యూజ్డ్ టు టైపింగ్ అంటే అలవాటు పడ్డాను అని మళ్ళీ ఇంకో అర్థం. మధ్యలో ఒక యామ్, చివర ఒక ఇంగ్, అంతే తేడా. ఇవాళ ఇద్దరం దీని మీదే గంట కూర్చున్నాం.

మూడోది నాకు కష్టం. "చిన్నప్పటినుంచీ రాస్తున్నాను" అనగానే ఐ యామ్ రైటింగ్ ఫ్రమ్ చైల్డ్‌హుడ్ అని వచ్చేస్తుంది.

11వ రోజు

టైపింగ్ ఎప్పుడు నేర్చుకున్నారు అనే ప్రశ్నకి నా జవాబు ఒకే వాక్యంలో అయిపోతోంది, హాస్పిటల్‌లో చేరాక నేర్చుకున్నాను అని. ఇంకా ఏమైనా ఉందా అని పిన్నికి ఫోన్ చేశాను. పిన్ని రాజమండ్రిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయర్ పాసైంది, అంటే నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45 కావాలి, అది రాసేలోపు పెళ్ళయింది. మొదటి పాఠం అడిగితే ఇన్నేళ్ళ తర్వాత కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది: ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. నాలుగు వేళ్ళు ఎడమ, నాలుగు వేళ్ళు కుడి, కళ్ళు కాగితం మీదే. "వేళ్ళకి కళ్ళుండాలమ్మా, నువ్వు కిందకి చూశావంటే అయిపోయినట్టే" అంది పిన్ని.

ఫోన్ పెట్టేశాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎఫ్, జె కీల మీద ఉండే చిన్న గీతలు తడిమి చూశాను. చూడకుండా వేళ్ళు పెట్టుకోవడానికే అవి అక్కడ ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను రెండు చూపుడువేళ్ళతోనే కొడుతున్నా. సరే, మాట్లాడటం ఒక్కటే ఎందుకు, నిజంగానే నేర్చుకుందాం అనిపించి రోజుకి పదిహేను నిమిషాలు పిన్ని పాఠం మొదలుపెట్టాను. దీనివల్ల టైపింగ్ ఎలా మెరుగుపరచుకుంటారు అనే ప్రశ్నకి కూడా నిజమైన జవాబు దొరికింది.

ఇప్పటి జవాబు ఇలా వస్తోంది: మై ఆంట్ లర్న్డ్ ఇట్ ప్రాపర్లీ, ఆన్ ఎ టైప్‌రైటర్. ఐ డిడ్ నాట్. ఐ స్టార్టెడ్ టైపింగ్ ఎట్ వర్క్, విత్ టూ ఫింగర్స్, అండ్ ఐ యామ్ ఓన్లీ నౌ లర్నింగ్ టు యూజ్ ఆల్ ఆఫ్ దెమ్. పదిహేను, ఇరవై సెకన్లు. ఇందులో అప్పుడు జరిగినదీ ఉంది, ఇప్పుడు జరుగుతున్నదీ ఉంది, ఒక్కటీ బట్టీ పట్టింది కాదు, పిన్ని కళ్ళముందు ఉంది కాబట్టి మాట దానంతటదే వస్తోంది.

14వ రోజు

రెండో భాగం ప్రాక్టీసు. అక్కడ కార్డు మీద టాపిక్ ఇస్తారు, ఆలోచించుకోవడానికి 1 నిమిషం, కాగితం, పెన్సిలు ఇస్తారు, తర్వాత 2 నిమిషాల దాకా మాట్లాడాలి. మీకు ముఖ్యమైన ఒక వస్తువు గురించి చెప్పండి అని అక్క ఒక కార్డు తయారుచేసింది. నేను తాతయ్య పెన్ను ఎంచుకున్నా.

రాజమండ్రి రత్నం పెన్ను. ఆ పెన్నుల తయారీ స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1932లో మొదలైంది, గాంధీజీ కూడా ఆ పెన్ను అందుకుని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. తాతయ్య దాంట్లో డ్రాపర్‌తో సిరా పోసి, పాళీ గుడ్డతో తుడిచి, అప్పుడు రాసేవారు. ఆయన దస్తూరి అచ్చు గుద్దినట్టు ఉండేది. వేసవి సెలవుల్లో నాచేత రోజుకి ఒక పేజీ గొలుసుకట్టు రాయించేవారు, బాగా రాకపోతే కోప్పడేవారు కాదు, ఆ అక్షరం మీదే మళ్ళీ తన పెన్నుతో దిద్దేవారు.

నిమిషంలో నోట్సు రాసుకోమంటే నేను పూర్తి వాక్యాలు మొదలుపెట్టాను, గుండ్రంగా, అందంగా. రెండు వాక్యాలయ్యేసరికి టైమర్ మోగింది. రెండోసారి ఐదు మాటలే రాశాను: తాతయ్య, సిరా, సెలవులు, దిద్దడం, ఇప్పుడు. అవి తెలుగులోనే గబగబా గీకాను, ఆ కాగితానికి మార్కులు లేవు కాబట్టి ఏ భాషలో ఉన్నా నాకు పర్వాలేదు. కానీ మాట్లాడేటప్పుడు దిద్దడం దగ్గర ఆగిపోయాను, ఇంగ్లీషు మాట దొరకలేదు. ట్రేస్ ఓవర్ అని చెబితే చాలని అక్క అంది. కాబట్టి నాకు ఇంగ్లీషు ఖాయంగా తెలిసిన మాట అయితే తెలుగులో, తెలియనిదైతే ఆ నిమిషంలోనే ఇంగ్లీషులో వెతికి రాసుకోవడం, ఇలా పెట్టుకున్నా.

ఈ రెండు నిమిషాల నిండా రాసేవారు, పోసేవారు, దిద్దేవారు. అంటే అంతా యూజ్డ్ టు. ప్రతి వాక్యంలో అదే అంటే వినడానికి బాగోదు, అందుకని మొదట ఒకసారి యూజ్డ్ టు అని, తర్వాత వుడ్ అని నడిపిస్తున్నా. హీ వుడ్ ఫిల్ ఇట్, హీ వుడ్ వైప్ ద నిబ్. ఇది నాకు బాగా నచ్చింది, తెలుగులో తాతయ్య గురించి చెప్పినంత సహజంగా నడుస్తోంది.

17వ రోజు

మూడో భాగం. చేతిరాత ముందుముందు కనుమరుగవుతుందా లాంటి ప్రశ్నలు. ఇక్కడ విల్ రావాలి! పన్నెండు రోజులు విల్ మీద పోరాడి పోరాడి, అసలు కావాల్సిన చోట నోరు రాలేదు, ఐ థింక్ పీపుల్ స్టాప్ రైటింగ్ అనేశాను. ఇది కూడా ఎర్ర పెన్ను పేజీలోనే దొరికింది.

కోచింగ్ కాగితంలో ఇక్కడ "పరిశోధనలు నిరూపించాయి, చేత్తో రాసినదే గుర్తుంటుంది" అని ఒక వాక్యం ఉంది. 2014లో పామ్ ముల్లర్, డానియల్ ఒపెన్‌హైమర్ అనే ఇద్దరు, ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకున్న విద్యార్థుల కన్నా చేత్తో రాసుకున్నవాళ్ళకి విషయం బాగా అర్థమైందని ప్రచురించారు, దాని గురించే ఆ మాట. తర్వాత వేరేవాళ్ళు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఫలితం అంత స్పష్టంగా రాలేదు. నిరూపించాయి అని గట్టిగా అనేసి ఎగ్జామినర్ ఎలా అని అడిగితే నా దగ్గర చెప్పడానికి లేదు. ఆ వాక్యం తీసేసి నా కన్నడ పుస్తకం సంగతి చెబుతున్నా, అది ఎంత దూరం అడిగినా చెప్పగలను. దాని పక్కన మన పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ఇంకా చేత్తోనే రాస్తున్నారు కాబట్టి ఇండియాలో ఇది అంత తొందరగా పోదు అనే మాట.

20వ రోజు

ఉచ్చారణ. ఇది ఒక్కదాన్నే విని సరిచేసుకోలేను, అందుకని ఆదివారం మెట్రోలో కబ్బన్ పార్కుకి వెళ్ళి వెదురు పొదల దగ్గర అక్కా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం, ఒకరు చదవడం, ఇంకొకరు పలికింది పలికినట్టు తెలుగు లిపిలో రాయడం. తెలుగు లిపి దీనికి చాలా పనికొస్తుంది, పలికినదాన్ని దాచదు.

నావి యెవ్రీ డే, వోన్లీ అని వచ్చాయి. తెలుగులో మాట మొదట్లో ఎ వస్తే యె లాగా, ఒ వస్తే వొ లాగా పలకడం మనకి అలవాటే, ఎక్కడ అనేది యెక్కడ, ఒకటి అనేది వొకటి. అదే ఇంగ్లీషులోకి పాకింది. ముందు మాటని దీనికి అతికించి పలికితే పోతోంది, ఐ టైపెవ్రీ డే అన్నట్టు. టైప్డ్ అనేది నేను టైపుడ్ అంటున్నా, అది టైప్ట్ అని ట తో ముగియాలి. హ్యాండ్‌రైటింగ్‌లో ఒత్తు మొదటి ముక్క మీద పడాలి, నేను రై మీద వేస్తున్నా.

22వ రోజు

డబుల్ డ్యూటీ. టైపింగ్ పాఠం మాత్రం చేశాను. ఇంకా కిందకి చూస్తున్నా.

25వ రోజు

నా టాపిక్ తెలియని మనిషితో మాక్ టెస్టు, అంటే ఉత్తుత్తి పరీక్ష. నాతో పనిచేసే సిస్టర్ ఒకావిడ, మలయాళీ, ఆవిడకి నేను ఏ టాపిక్ ప్రాక్టీసు చేస్తున్నానో చెప్పలేదు. కాఫీ టైములో పది నిమిషాలు. మొదట నిద్ర గురించి అడిగారు, తర్వాత పక్కింటివాళ్ళ గురించి. టైపింగ్ ఊసే లేదు.

రాత్రి చేత్తో దించి ఎర్ర పెన్ను పట్టుకున్నా. అక్కర్లేని విల్ రెండుసార్లు. ఐ స్లీప్ ఎట్ టెన్ అని సరిగ్గా వచ్చింది, వి యూజ్డ్ టు షేర్ ఫుడ్ విత్ అవర్ నైబర్స్ ఇన్ రాజమండ్రి అని కూడా. ఒకే టాపిక్ నూరితే మిగతావాటికీ పాకుతుందన్న నా లెక్క ఇక్కడ నిజమైంది, చాలా ఆనందంగా ఉంది. ఆ రెండు కూడా ఎక్కడ వచ్చాయో చూశాను, రెండూ జవాబు చివర్లో, ఇంకేం చెప్పాలా అని టెన్షన్ పడిన చోట. కాబట్టి విషయం అయిపోతే ఆపేయాలి, ఎగ్జామినర్ తర్వాతి ప్రశ్న అడుగుతారు.

27వ రోజు

శనివారం పరీక్ష. మిగిలినది ఇంగ్లీషు అక్షరం జడ్ (Z) శబ్దం. బిజీ, యూజ్, ఈజీ, అన్నీ జ తోనే పలుకుతున్నా. ఇవాళ ఒకటి గమనించాను: జీవితం, జెండా అన్నప్పుడు జ ఒక రకంగా, జడ, జొన్న అన్నప్పుడు ఇంకో రకంగా పలుకుతాం. జొన్నలోని జ దగ్గర నాలుక పళ్ళ వెనక ఉంటుంది, అక్కడే ఉంచి, తాకీ తాకకుండా గాలి వదిలితే జడ్‌కి చాలా దగ్గరగా వస్తోంది. కాపీ పుస్తకంలో మిగిలిన ఆఖరి పేజీ నిండా ఆ మాటలే రాశాను, రేపు పొద్దున బస్సులో పైకి చదువుకుంటూ వెళ్తాను.